పదిహేను నిద్రలు

కరుణాకర్ మొదటి దెబ్బ నోటి మీద వేశాడు. రెండోది పడకముందే సారంగపాణి గేటు పక్కన మురుగు మోరీ గట్టు మీద కూలబడ్డాడు. పెదవి చిట్లి రక్తం చొక్కా మీదికి కారింది.

"పన్నెండంటే పన్నెండే. పావుగంట లేటా? కోర్టు నీ అయ్య జాగీరనుకున్నవా?"

"బండి పంచరైంది బావా. కావాలంటే పిల్లనడుగు."

"నన్ను బావ అనకు!" అంటూ కరుణాకర్ డొక్కలో తన్నాడు.

ఆరేళ్ళు నిండని లాస్య గోడకు ఆనుకుని చూస్తోంది. చేతిలో ఐస్‌క్రీమ్ కరిగి మోచేతి దాకా కారుతున్నా నాకడం మరిచిపోయింది. స్వరూప లోపలినుంచి పరుగెత్తుకొచ్చి అన్న చెయ్యి పట్టుకుంది. "అన్నా, పిల్ల ముంగట గిట్ల జెయ్యకు" అంది. కింద పడ్డవాడి వైపు మాత్రం చూడలేదు. బిడ్డను చంకనేసుకుని లోపలికి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

నెలకు రెండు ఆదివారాలు, పది నుంచి పన్నెండు దాకా. హన్మకొండ కోర్టు సారంగపాణికి తండ్రిగా మిగిల్చిన కాలం అంతే. ఎందుకు విడిపోయారని ఎవరడిగినా అతను ఒకే మాట చెప్పేవాడు, "కోపంల ఒక్క దెబ్బ కొట్టిన" అని. ఆ ఒక్క దెబ్బకు స్వరూప ఎడమ చెవిలో కర్ణభేరి పగిలింది. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే ఆమెకు, ఎడమవైపు నుంచి రోగులు పిలిస్తే ఇప్పటికీ వినిపించదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పేవాడు కాదు.

సారంగపాణి ఊరి బయట ఒక విత్తన పరిశోధన కేంద్రంలో మెకానిక్కు. అక్కడి పెద్ద, డాక్టర్ హైమవతి, కాగితం మీద గీసిన ఆలోచనకు ఇనుముతో ఒళ్ళు తయారుచేసింది అతనే. ఇరవై అడుగుల ఉక్కు గది, చుట్టూ రాగి చుట్లు, లోపల మట్టి మడులు, నీళ్ళ ట్యాంకు, బ్యాటరీ దీపాలు, గాలి సిలిండర్లు. పొద్దున మక్క గింజలు నాటి, తలుపు బిగించి, బయటి మీట తిప్పితే, సాయంత్రం ఇంటికి పోయేముందు కంకులు విరుచుకోవచ్చు. గడియారం గదికి బయట ఒక రకంగా, లోపల ఇంకో రకంగా నడుస్తుంది. అందరూ దాన్ని వేగం గది అనేవారు.

దెబ్బలు తిన్న మర్నాడు, వాచిన పెదవితో, అతను ఆ గది తలుపు తెరిచాడు. గుప్పున కుళ్ళు వాసన కొట్టింది. హైమవతి ఆరు ఎలుకలను లోపల పెట్టి, గంటకు పదిహేను రోజుల చొప్పున మూడు గంటలు నడిపించింది. రెండే బతికున్నాయి. మిగతావాటిలో మూడింటి మెడలు, పొట్టలు కొరికి ఉన్నాయి. తొట్లలో గింజలు సగానికి సగం అలాగే ఉన్నాయి.

"ఆకలికి కాదు కొరుక్కున్నది" అంది హైమవతి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "అన్నాళ్ళు మూసిపెడితే పిచ్చెక్కింది. ఇది చూడు."

బోను నుంచి తప్పించుకున్న ఒక ఎలుక తలుపు కింది రబ్బరును తొలిచి ముట్టె బయట పెట్టింది. బయటికొచ్చిన ముట్టె ఇంకా తాజాగా ఉంది. లోపల మిగిలిన ఒళ్ళు ఎప్పుడో కుళ్ళిపోయింది.

"గది నడుస్తున్నప్పుడు సగం లోపల, సగం బయట ఉంటే రెండు సగాలకూ ఒకే రక్తం ఎలా సరిపోతుంది? లోపలి సగానికి అది ఎన్నో గంటలు ఆలస్యంగా అందుతుంది. తాళం నీ దగ్గరుంటుంది కాబట్టి చెబుతున్నాను సారంగపాణీ. నడుస్తున్న గది తలుపు ముట్టకూడదు. మనుషులను ఇందులో పెట్టే మాట ఈ జన్మలో ఎత్తకూడదు."

అతను తలూపాడు. చచ్చిన ఎలుకలను గోనెసంచిలో వేసి పాతిపెట్టి వచ్చాడు. అన్నీ విన్నాడు గానీ అతని మనసులో మిగిలింది ఒక్కటే. గంటకు పదిహేను రోజులు.

తర్వాతి ఆదివారం లాస్యను బండి మీద ఎక్కించుకుని తిన్నగా అక్కడికే తీసుకెళ్ళాడు. సెలవు రోజు కాబట్టి లోపల ఎవరూ లేరు. అరగంట పోను, అరగంట రాను, మధ్యలో ఒక గంట. మొదటిసారి భయంభయంగా, గంటకు ఒక్క రోజు చొప్పున మీట తిప్పాడు. తలుపు మూసుకున్నాకే మొదలై, గంటకు తనంతట తాను ఆగిపోయేలా బయట గడియారం పెట్టి, పిల్లతో లోపలికి వెళ్ళి తలుపు లాక్కున్నాడు.

ఆ రోజు ఇద్దరూ మక్క మొక్కల మధ్య చాప పరుచుకుని అటుకులు తిన్నారు. దోస గింజలు నాటారు. కథ చెబుతుంటే లాస్య అతని చెయ్యి మీద నిద్రపోయింది. ఏడాదిన్నర తర్వాత బిడ్డ నిద్రపోతుంటే చూడటం అదే. ఆమె మేలుకునే దాకా అతను తిమ్మిరెక్కిన చెయ్యి కదపలేదు.

"ఈ గది సంగతి మనిద్దరికే ఎరుక. అమ్మకు చెప్తే మళ్ళ రానియ్యరు" అన్నాడు. లాస్య నోటికి తాళం వేసినట్టు వేళ్ళు తిప్పి చూపించింది.

ఒక రోజు చాలలేదు. మూడయ్యాయి, ఐదయ్యాయి, పదయ్యాయి. ఐదు నెలలు తిరిగేసరికి మీట పదిహేను దగ్గరికి చేరి అక్కడే నిలిచింది. ఆ గదిలోనే లాస్యకు అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చింది. ముందు పళ్ళు రెండూ అక్కడే ఊడాయి. ఒకసారి జ్వరం వస్తే నాలుగు రోజులు తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాడు. స్వరూపకు దక్కని రోజులు తనకు దక్కుతున్నాయని లోలోపల గర్వపడ్డాడు కూడా.

బయట మాత్రం లెక్క తప్పుతూ వచ్చింది. శుక్రవారం నేర్పిన పద్యం సోమవారానికి పిల్ల ఎందుకు మరిచిపోతోందో టీచరుకు అర్థం కాలేదు. రెండు నెలల కింద కొన్న బూట్లు పట్టలేదు. స్వరూప పెద్ద డాక్టర్లకు చూపించింది. చేతి ఎముకలకు ఎక్స్‌రే తీసి, వయసుకు మించి పెరుగుతున్నాయనీ, గ్రంథుల జబ్బేమోననీ అన్నారు. నెలకొక ఇంజెక్షన్ మొదలుపెట్టారు. తొడ కండరంలోకి, లావు సూదితో.

ఒక ఆదివారం లాస్య గౌను ఎత్తి సూది పొడిచిన చోట కట్టిన గడ్డలు చూపించింది. "నలుగురు పట్టుకుంటరు డాడీ. అమ్మ గూడ పట్టుకుంటది. పట్టుకొని ఏడుస్తది."

సారంగపాణి ఆ గడ్డల మీద గోరువెచ్చని నీళ్ళతో కాపడం పెట్టాడు. జబ్బు లేదని తనకు తెలుసు. చెబితే బిడ్డ పోతుంది. చెప్పకపోతే సూదులు పోవు. ప్రతిసారీ, వచ్చేసారి చెబుదామనుకున్నాడు. అలా సూదులు మొదలై తొమ్మిది నెలలు గడిచాయి.

ఆ చివరి ఆదివారం లాస్యకు గదిలోకి రావడం ఇష్టం లేదు. తలుపు దగ్గర కాళ్ళు తన్నిపట్టింది.

"ఇయ్యాల సాయంత్రం అమ్మ నన్ను ఎగ్జిబిషన్‌కు తీస్కపోతనన్నది. పెద్ద గిరక ఎక్కుత. ఈ గదిలకు రాను."

"ఉత్త రెండు నిద్రలే బిడ్డా. సాయంత్రానికి ఇంట్ల ఉంటవ్."

అబద్ధం. మీట పదిహేను మీదే ఉంది.

మూడో రోజు పొద్దున లాస్య చెప్పులు వేసుకుని తలుపు ముందు కూర్చుంది. నాలుగో రోజు కూడా అక్కడే కూర్చుంది. అయిదో రోజు అన్నం ముట్టలేదు. అతను బుజ్జగించాడు, బొమ్మలు చేశాడు, గుర్రమై నడిచాడు. తొమ్మిదో రోజున ఆమె ఒక్కసారిగా లేచి మక్క కర్రలను విరిచి పారేసింది. దోస తీగలు పీకేసింది. పిడికిళ్ళతో ఉక్కు తలుపును బాదడం మొదలుపెట్టింది.

"అమ్మా! నన్ను తియ్యే అమ్మా! సాయంత్రం అయితలేదే!"

వేళ్ళ కణుపుల దగ్గర చర్మం లేచిపోయింది. తలుపు మీద రక్తం చారలు పడుతున్నాయి. అతను వెనకనుంచి పట్టుకుని లాగాడు. ఆమె అతని ముంజేతిని కొరికింది. పళ్ళు దిగేలా కొరికి వదలలేదు.

సారంగపాణి కొట్టాడు.

అరచెయ్యి చెంప మీద పడిన చప్పుడు ఆ ఇనుప గదిలో మోగింది. లాస్య పక్కకు ఎగిరి మట్టి మడి అంచుకు తగిలి పడింది. ఏడవలేదు. రెండు చేతులతో తల కప్పుకుని, మోకాళ్ళు ముడుచుకుని, ఇంకో దెబ్బ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండిపోయింది. అచ్చం అలాగే, ఆ రోజు వంటింట్లో స్వరూప తల కప్పుకుంది.

"బిడ్డా... చూడు... కొట్టను. ఇగ కొట్టను."

అతను దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆమె వెనక్కి జరిగింది, గోడ తగిలే దాకా.

ఇంకా ఆరు రోజులున్నాయి. మీట బయట ఉంది. గది నడుస్తుండగా లోపలినుంచి తలుపు తోస్తే ఏమవుతుందో ఎలుక చూపించింది. ఆరు రోజులూ లాస్య నీళ్ళ ట్యాంకు వెనక ఉంది. అతను గిన్నె అక్కడ పెట్టి, దూరంగా వచ్చి, వీపు తిప్పి కూర్చుంటేనే తినేది. అతను దగ్గితే ఆమె ఉలిక్కిపడేది. రక్తం ఎండి కణుపుల మీద చెక్కులు కట్టింది. చెంప మీది ఎర్రటి చారలు నీలంగా, నీలం నుంచి పచ్చగా మారాయి. ఇంతకాలం కోర్టును, స్వరూపను, కరుణాకర్‌ను తిట్టుకుంటూ ఏ కాలం కోసం తపించాడో, ఆ కాలం ఇప్పుడు కావలసినంత ఉంది. అది గడిస్తే చాలునని గోడకు తల కొట్టుకున్నాడు.

గది ఆగినప్పుడు బయట పదకొండున్నర.

పన్నెండుకు గేటు ముందు బండి ఆపగానే లాస్య దూకి పరుగెత్తింది. స్వరూప నడుమును రెండు చేతులా చుట్టేసి, ఊపిరాడనట్టు ఏడ్చింది.

"యాడికి పోయినవే అమ్మా! పదిహేను నిద్రలయె నువ్వు కనబడక!"

"ఏందే? ఇప్పుడే గద పోయినవ్?" స్వరూప నవ్వబోయి బిడ్డ మొహం పైకెత్తింది. నవ్వు ఆగిపోయింది. బొటనవేలితో చెంప మెల్లగా నొక్కి చూసింది. కణుపుల మీది చెక్కులు చూసింది. పొద్దున తనే కత్తిరించిన గోళ్ళు పెరిగి ఉండటం చూసింది. తర్వాత ఆమె బిడ్డ వెనకకు వెళ్ళి, ఎడమ చెవి దగ్గర, గాలి కంటే మెల్లగా, "లాస్యా" అంది.

లాస్య తల తిప్పింది.

స్వరూప కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. మళ్ళీ తెరిచి అతని వైపు చూసేలోపే సారంగపాణి బండి తిప్పాడు.

విరిగిన మక్క కర్రలు సోమవారం హైమవతి కంట పడకూడదు. తిరిగి కేంద్రానికి వెళ్ళి, గబగబా కొత్త గింజలు గుచ్చి, మీట తిప్పి గది నడిపించాడు. రక్తపు గుడ్డలు కాలుస్తుండగా కారు ఆగిన చప్పుడైంది. కరుణాకర్ చేతిలో గడ్డపార ఉంది. వెనకే స్వరూప.

"ఎన్ని దినాలు?" అంది ఆమె. అరవలేదు. వార్డులో రోగిని అడిగినట్టు అడిగింది. "పచ్చబడ్డ దెబ్బ అది. వారం కిందిది. పొద్దున నేనే తానం పోసిన పిల్లకు. అప్పుడు లేదు. ఏం జేసినవో పిల్ల చెప్పింది. మొత్తం ఎన్ని దినాలు?"

"మూడు వందల అరవై రెండు."

"ఏడాది." ఆమె గోడ పట్టుకుంది. "తొమ్మిది నెలల సంది సూదులు పొడిపిస్తున్న. లేని రోగానికి. కాళ్ళు నేనే వత్తి పట్టుకున్న. నీకు ఎరికేనా?"

"ఎరికే."

గడ్డపార అతని మోకాలి మీద పడింది. ఎముక పటుక్కుమంది. కింద పడ్డవాడిని కరుణాకర్ జుట్టు పట్టి ఈడ్చాడు. పక్కటెముకల్లో తన్నాడు, మొహం మీద తన్నాడు. సారంగపాణి చేతులు అడ్డం పెట్టలేదు.

"చాలన్నా, సస్తడు!" స్వరూప అరిచింది.

"సావనీ! ముందుగాల ఈ డబ్బను పలగ్గొడ్త!"

కరుణాకర్ గది తలుపు మీదికి ఉరికాడు. గడ్డపార సందులో దూర్చి బలమంతా పెట్టి ఎత్తాడు. గొళ్ళెం విరిగింది. జానెడు సందు తెరుచుకుంది. లోపల వెలుగు పిచ్చిపిచ్చిగా మినుకుమంటోంది.

"ముట్టకు బావా! అది నడుస్తున్నది!"

"నీయవ్వ, ఇంకా నన్ను ఆపుతవా!" అంటూ కరుణాకర్ గడ్డపార పారేసి, తలుపు లాగడానికి చేతులు సందులోకి చాచాడు.

ఒక్క క్షణం సారంగపాణికి, పోనీ అనిపించింది. నోరు పగలగొట్టిన చేతులవి. అవి ఏమైపోతాయో ఈ భూమ్మీద తనకూ హైమవతికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ క్షణం నిజంగానే పొడుగ్గా సాగింది. అంతలో విరిగిన కాలు ఈడ్చుకుంటూ మీదికి దూకి, బావను భుజంతో గుద్దాడు. కరుణాకర్ అటు పడ్డాడు. తూలిన సారంగపాణి ఎడమ చెయ్యి మోచేతి దాకా సందులోకి దిగింది. తలుపు వచ్చి దాని మీద మూసుకుంది.

నొప్పి లేదు. చెయ్యి ఉన్నట్టే తెలియలేదు.

"స్వరూపా! గోడ మీద ఎర్ర హ్యాండిలు... కిందికి గుంజు!"

కరుణాకర్ తలుపు లాగుతున్నాడు, రావడం లేదు. స్వరూప కరెంటు ఆపే ఆ హ్యాండిలు పట్టి వేలాడింది. తుప్పుపట్టి బిగుసుకున్న హ్యాండిలు దిగడానికి ఒకటిన్నర నిమిషం పట్టింది. దిగగానే రాగి చుట్ల నుంచి నిప్పులు కురిసి, గది మూలుగుతూ ఆగింది. బయట ఒకటిన్నర నిమిషం. లోపల తొమ్మిది గంటలు, చుక్క రక్తం అందకుండా.

బయటికి తీసిన చెయ్యి నల్లగా, రాయిలా చల్లగా ఉంది. వేళ్ళు ముడుచుకుపోయాయి. కరుణాకర్ దాన్ని చూసి మూలకు పోయి కక్కుకున్నాడు. స్వరూప మాత్రం చున్నీ తీసి, మోచేతి పైన ముడివేసి, కర్రపుల్ల దూర్చి మెలిపెట్టి బిగించింది.

"విడిస్తే విషం గుండెకెక్కుతది. కదలకు."

"నన్నెందుకు బతికిస్తున్నవే?"

"నేను నర్సును" అంది ఆమె. "నువ్వు బతకాలె. ఆ డాక్టర్ ముంగట కూసోని, పిల్లకు రోగం లేదని నీ నోటితోటి చెప్పాలె."

ఆస్పత్రిలో ఆ చెయ్యిని మోచేతి పైదాకా తీసేశారు. మెలకువ వచ్చిన పూటే అతను పిల్లల డాక్టరును పిలిపించుకుని మొత్తం చెప్పాడు. తర్వాత అదే పోలీసులకు చెప్పాడు. ఏదీ దాచలేదు. మొదటిసారిగా స్వరూప చెవి సంగతి కూడా చెప్పాడు, ఎవరూ అడగకపోయినా. ఇంజెక్షన్లు ఆ వారమే ఆపేశారు. హైమవతి గ్యాస్ కట్టర్ పెట్టించి గదిని ముక్కలు చేయించింది. తన కాగితాలు తగలబెట్టిందని కొందరన్నారు, లేదని కొందరన్నారు. కోర్టు అతనికి రెండేళ్ళ జైలు వేసి, ఆదివారాలు రద్దు చేసింది. అతను అప్పీలుకు పోలేదు.

విడుదలైన రెండు నెలలకు స్వరూప ఫోన్ చేసింది.

"పిల్ల అడుగుతున్నది. నా ఆస్పత్రి క్యాంటీన్‌ల కూసోండ్రి. నేను కౌంటరు కాడ ఉంట. పిల్ల లెవ్వంగనే నువ్వు ఆపొద్దు. నీ కోసం కాదు ఇది."

"సరే" అన్నాడు.

లాస్య పొడుగైంది. పుట్టినరోజుల లెక్కన తొమ్మిదేళ్ళు, ఒంటి లెక్కన పది. తోటి పిల్లల కంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉండటం వల్ల కాబోలు, భుజాలు వంచి నడుస్తోంది. అతని ఎదురుగా కాకుండా, బల్ల మూలన, తల్లి కనబడే వైపు కూర్చుంది. బత్తాయి రసం గ్లాసు దగ్గరికి లాక్కుంది.

అతను చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాడు. లాస్య కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది. రెండు చేతులూ తల మీదికి లేచాయి. కౌంటరు దగ్గర స్వరూప ఒక అడుగు ముందుకు వేసింది.

సారంగపాణి చేతిని మెల్లగా దించి, తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు. చెమట కళ్ళలోకి దిగి మండింది. తుడుచుకోలేదు.

కాసేపటికి లాస్య చేతులు దించింది. రసం కొద్దిగా తాగింది. లేని చేతి వైపు చూసింది.

"నొస్తదా?"

"లేదు బిడ్డా. అప్పుడప్పుడు ఉన్నట్టే అనిపిస్తది."

"మామ చెప్పిండు. నువ్వు గుద్దకపోతే మామ చేతులు పోతుండెనట."

ఆమె గ్లాసును బల్ల మీద గుండ్రంగా తిప్పింది.

"నేను కరిచినందుకు కొట్టినవా?"

"కాదు. నువ్వేం తప్పు జెయ్యలే. నాకు కోపమొస్తే కొడ్త. మీ అమ్మనూ అట్లనే కొట్టిన. నిన్ను రెండు నిద్రలని మోసం జేసి తీస్కపోయిన. నువ్వు తలుపు గుద్దుడే కరెక్టు."

లాస్య గ్లాసు అడుగున మిగిలిన రసాన్ని స్ట్రాతో చప్పుడొచ్చేలా పీల్చింది. తర్వాత స్కూల్లో కబడ్డీ జట్టులో తనను తీసుకున్నారనీ, పొడుగు కాళ్ళు ఉన్నాయని కూతకు తననే పంపుతారనీ చెప్పింది. నాలుగు మాటల్లో చెప్పేసి లేచింది.

"పోతున్న."

వచ్చి పది నిమిషాలైనా కాలేదు. ఇంకొంచెం సేపు కూర్చో అనే మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే దాన్ని కొరికి పట్టుకున్నాడు.

"పో బిడ్డా" అన్నాడు.

ఆమె బల్లల మధ్య నుంచి నడిచి తల్లి దగ్గరికి వెళ్ళింది. మళ్ళీ వస్తానని చెప్పలేదు. అతను అడగలేదు.